పాతాళానికి దారి చూపే మేనత్త

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైలు యాభైకి పైగా సొరంగాల్లోంచి దూసుకుపోతుంది. చీకటి పడిన ప్రతిసారీ బోగీ నిండా పిల్లల కేకలే. బొర్రా గుహల్లోకి దిగి, రంగు దీపాల వెలుగులో వేలాడే సున్నపురాతి రూపాలు చూశాక వాళ్లకు అనుమానమే ఉండదు: ఇక్కడ మాంత్రికుడు ఉండితీరాలి! గుహ అంటే మాంత్రికుడు, మాంత్రికుడంటే గడ్డం, గడ్డమంటే ఎస్వీ రంగారావు. 1951 మార్చి 15న ‘పాతాళ భైరవి’ విడుదలైంది. అప్పటి నుంచి తెలుగువాళ్ల ఊహలో ఆ నేపాళ మాంత్రికుడే కొలువుతీరాడు.

మన కథల్లో ఈ మాంత్రికుడికి పసివాళ్లతో, పడుచువాళ్లతో ఉండే సంబంధం ఒకటే. బలి. ‘పాతాళ భైరవి’ కథానాయకుడు తోట రాముణ్ని మాంత్రికుడు వెతికి పట్టుకున్నది విద్య నేర్పడానికి కాదు, భైరవి ముందు తల నరకడానికి. అంతకు ముందు 1942లో వచ్చిన ‘బాలనాగమ్మ’లో మాయల మరాఠీ తల్లిని ఎత్తుకుపోతే, ఆ తల్లి కొడుకు బాలవర్ధిరాజు ఏడు సముద్రాలు దాటి, చిలకలో దాచిన మాంత్రికుడి ప్రాణం పట్టుకొస్తాడు. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్ల నిండా మాంత్రికులే. ఒక పేరు చెప్పాలంటే ‘భల్లూక మాంత్రికుడు’. ఇన్ని కథల్లోనూ, శక్తులున్న ఒక పసిపిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, తల నిమిరి, తన విద్యంతా ఇచ్చే మాంత్రికుడు కనిపించడమే అరుదు. ‘పాతాళ భైరవి’లో ఆ లోటు కాస్త తీర్చినవాడు శిష్యుడు సదాజప. గురువు కసురుకున్నా, చనిపోయిన గురువును మూలికతో బతికించుకున్నవాడు అతనే. పద్మనాభం వేసిన ఆ పాత్రను చూసి జనం నవ్వుకున్నారు గానీ, సినిమా మొత్తంలో మాంత్రికుడి మీద ప్రేమ ఉన్న ప్రాణి ఆ ఒక్కడే.

మాంత్రికుడు పిల్లను పెంచే అసలైన కథ వేరే చోట ఉంది. బొర్రా గుహలున్న ఈ తూర్పు కనుమల్లోనే.

అరకు, డుంబ్రిగుడ, ముంచింగిపుట్టు వైపు పల్లెల్లో విత్తనం ఎప్పుడు చల్లాలో, పండగ ఏ రోజు చేయాలో చూసి చెప్పేది దిసారి. మందూ మాకూ కూడా ఆయనే చూస్తాడు. దేవుళ్లు ఒంటి మీదికి వచ్చి మాట్లాడేది గురుమాయి నోట. పోర్జలు, గదబలు, కోటియాలు కలిసి బతికే ఈ లోయలోనూ, సరిహద్దు దాటిన కోరాపుట్ కొండల్లోనూ ఈ పేర్లు అందరికీ తెలుసు. గురుమాయిలు ఎక్కువగా ఆడవాళ్లే. ఇవే కొండల వరుసలో ఈశాన్యంగా సాగితే, పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట ఏజెన్సీలోనూ, దాని ఎగువన ఒడిశా గజపతి, రాయగడ జిల్లాల్లోనూ సవరలు ఉంటారు. పిల్లను మాంత్రికురాలిగా పెంచే పద్ధతిని లోకానికి వివరంగా తెలియజేసింది వాళ్ల పల్లెలే.

సవరల్లో చనిపోయినవారితో మాట్లాడించే మగమనిషి కుడాన్, ఆడమనిషి కుడాన్‌బోయి. వెరియర్ ఎల్విన్ 1940లలో ఈ పల్లెల్లో తిరిగి, 1955లో వీళ్ల నమ్మకాల మీద పెద్ద గ్రంథమే అచ్చు వేశాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పియర్స్ విటెబ్‌స్కీ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త వచ్చి, సవర భాష నేర్చుకుని, పల్లెలో కాపురముండి చూశాడు. 1993లో ఒకటి, 2017లో మరొకటి పుస్తకాలు రాశాడు. ఇద్దరూ చెప్పినదాన్ని పక్కపక్కన పెడితే, ఏ జానపద రచయితకూ తట్టని కథ బయటికి వస్తుంది.

పిల్లకు కలలు వస్తాయి. మొదలు అదే. ఆ కలల్లో పాతాళం నుంచి ఒక వరుడు వస్తాడు. సవర పిల్లవాడు కాదు, హోదా ఉన్న హిందూ కులాలవాడు, రాజుల తరహా మనిషి. పెళ్లి చేసుకుంటానంటాడు. పిల్ల ఒప్పుకోదు. జబ్బు పడుతుంది, ఒంటరిగా అడవిలోకి పరుగెత్తుతుంది, అన్నం మానేస్తుంది. ఇంట్లో పెద్దలకు విషయం అర్థమవుతుంది, ఎందుకంటే ఈ విద్య చాలాసార్లు మేనత్త నుంచి మేనకోడలికి దిగుతుంది. మేనత్తకూ పాతాళంలో ఒక సంసారం ఉంటుంది, భర్త, పిల్లలు. పిల్లను అడగవచ్చిన ఆ వరుడు ఆ మేనత్త కొడుకే కావచ్చు. అంటే పాతాళంలోనూ మేనరికమే! చివరికి పిల్ల సరేనంటుంది, పెళ్లి జరుగుతుంది, జబ్బు తగ్గుతుంది. ఆ తర్వాత పైలోకంలో మామూలుగా ఒక సవర కుర్రాణ్ని పెళ్లాడుతుంది, పొలం పనులు చేసుకుంటుంది, పిల్లల్ని కంటుంది. పాతాళపు భర్తతోనూ పిల్లలు పుడతారు. రాత్రిపూట ఆ తండ్రి పసిబిడ్డను పైకి తెచ్చి, తల్లి చేత పాలిప్పించి తీసుకుపోతాడని ఎల్విన్‌కు కుడాన్‌బోయిలు చెప్పుకున్నారు. కాపురాలు రెండు, చంటిపిల్లలు రెండు లోకాల్లో!

ఆ పాతాళపు అల్లుడికి మర్యాదలు కూడా ఉంటాయి. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో ఇడితాల్ బొమ్మ వేస్తారు. అది అతనికి ఇల్లు. ఏనుగులు, గుర్రాలు, గొడుగు పట్టే సేవకులు గీస్తారు. లోకం మారేకొద్దీ సైకిళ్లు, రైళ్లు, విమానాలు కూడా ఆ గోడల మీదికి ఎక్కాయి. సవర చిత్రకళ అని ఇవాళ చీరల మీద, క్యాలెండర్ల మీద మనం చూసే బొమ్మలకు మూలం ఈ అల్లుడిగారి ఇల్లే.

కలలు పిల్లకు వాటంతటవే వస్తాయి. విద్య మాత్రం రాదు, నేర్పాలి. ఇక్కడే మేనత్త పెంపకం మొదలవుతుంది. పిల్ల ఆమె పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంటుంది, పాట అందుకుంటుంది. ఆ పాటల్లో ఒక చరణం వెంటనే దానికి జంట చరణం వస్తుంది. అర్థం అదే, మాటలు వేరు. వందల జంటలు నాలుక మీద ఆడాలి. పాతాళానికి దిగే దారి నిటారు కొండ. కోతిలా చెట్టుకొమ్మలు పట్టుకుని దిగాలని పాటే చెబుతుంది. ఆత్మ దిగిపోయాక శరీరం బిగుసుకుపోతుంది, పక్కవాళ్లు కాళ్లు చేతులు మెల్లగా మడిచి సరిచేస్తారు. అప్పుడు చనిపోయినవారు ఒక్కొక్కరుగా ఆమె నోట మాట్లాడతారు. కల్లు అడుగుతారు. తన నగలు ఎవరు తీసుకున్నారని నిలదీస్తారు. పాత తగాదా తవ్వుతారు, సరసాలాడతారు, చంటిబిడ్డల్ని వదిలి వెళ్లిన తల్లులైతే ఏడుస్తారు. బతికున్నవాళ్లు ఎదురు జవాబు చెబుతారు. ఇలాంటి సంభాషణలు ఏళ్ల తరబడి సాగి, కోపంతో వచ్చిన ఆత్మ మెత్తబడి, చివరికి తన పేరును ఆ వంశంలో పుట్టిన పసిబిడ్డకు ఇస్తుంది. దుఃఖం తీరడం గురించి ఫ్రాయిడ్ చెప్పినదానితో విటెబ్‌స్కీ దీన్ని పోల్చి చూశాడు.

మంత్రదండం తిప్పితే ఇది జరగదు. ఊళ్లో ఏ ఇంట్లో ఎవరు ఎలా పోయారో, ఎవరికి ఎవరి మీద ఏ కోపం మిగిలిందో కుడాన్‌బోయికి తెలిసి ఉండాలి. నేపాళ మాంత్రికుడు కోరుకున్నది తనకోసం ఒక శక్తి. ఈ మేనత్త మేనకోడలికి అప్పజెప్పేది ఊరందరి ఏడుపూ.

ఇలాంటి పెంపకం కనిపించిన కాల్పనిక కథ ఒకటి మనకు చాలా దూరంలో పుట్టింది. ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’లో తల్లిలేని కుర్రవాడు గెడ్‌కు మొదటి మంత్రం దొరికేది పల్లెలో మంత్రగత్తెగా బతికే తల్లి తోబుట్టువు దగ్గర. వాడు మేకల్ని పిలిచిన తీరు చూసి, వీడిలో ఏదో ఉందని మొదట గుర్తించింది ఆవిడే. లె గ్విన్ తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ కాలిఫోర్నియా ఆదివాసుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త. ఆ ఇంట్లో పెరిగిన అమ్మాయికి, మాంత్రికుడంటే ఊరి బయటి దుష్టుడు కాడనీ, ఊళ్లోనే ఉండే మనిషనీ తెలిసి ఉండటంలో వింత లేదు.

మన భాషలో అలాంటి కథ రాసే అవకాశం అంతకంటే ముందే వచ్చింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవరల మాట విని, ఆ భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు బడులు పెట్టి, పాటలూ కథలూ సేకరించారు. 1931లో సవర వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువులు వెలువరించారు. వ్యావహారిక భాషోద్యమకారుడిగా ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన సవర పాటల వైపు చూసిన తెలుగు కథకులు మాత్రం వేళ్ల మీద లెక్కించేంతమందే. ఇది మన సాహిత్యానికి జరిగిన నష్టం.

నష్టం అక్కడితో ఆగలేదు. మంత్రగాడంటే బలి ఇచ్చేవాడన్న నమ్మకం కొండల్లో మనుషుల ప్రాణాల మీదికి తెస్తోంది. చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన కేసులు అరకు, పాడేరు ఏజెన్సీలో మళ్లీ మళ్లీ నమోదయ్యాయి. జ్వరం తగ్గకపోతే ఆసుపత్రి దూరం, అనుమానం దగ్గర. తెర మీద గడ్డం మాంత్రికుణ్ని చూసి చప్పట్లు కొట్టినవాళ్లం, ఆ అనుమానానికి ఎంత మేత వేశామో ఆలోచించాలి.

కుడాన్‌బోయిల వరుస ఇప్పుడు తెగిపోతోంది. విటెబ్‌స్కీ రెండో పుస్తకం రాసేనాటికి, తాను తొలిరోజుల్లో చూసిన పల్లెల్లో యువతరం చాలావరకు బాప్టిస్టు సంఘాల్లో చేరిపోయింది. చనిపోయినవారితో మాట్లాడటం వాళ్లకు ఇక అవసరం కాలేదు. మన వైపు కూడా, కలలు వచ్చే వయసు పిల్ల ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉంటుంది. చదువు వద్దని ఎవరూ అనరు, అనకూడదు. కానీ అక్కడ మేనత్త పక్కన కూర్చుని జంట చరణాలు నేర్చుకునే రాత్రులు ఉండవు.

ఆ బడుల్లోనే ఒక దారి ఉంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులు మొదలుపెట్టింది. సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా అందులో ఉన్నాయి. వాచకాలు తెలుగు లిపిలోనే అచ్చయ్యాయి. పాతాళం నుంచి ఏనుగు మీద వచ్చే వరుడు, అర్ధరాత్రి పాలకోసం పైకి వచ్చే పసిబిడ్డ, కోతిలా కొండ దిగడం నేర్పే మేనత్త ఆ వాచకాల్లోకి రావాలి. వాటిని సవర పెద్దల నోట విని, సవర రచయితలే రాయాలి, ఇడితాల్ వేసే చేతులే బొమ్మలు గీయాలి. అదే పుస్తకం తెలుగులోకి వస్తే, బొర్రా మెట్లు దిగుతూ మాంత్రికుడు ఎక్కడని అడిగే పిల్లలకు చూపించడానికి గడ్డం లేని, బలి అడగని ఒక మనిషి దొరుకుతుంది.