కిట్టులో ఓడ: 75వ వంతుకు తగ్గేవి, తగ్గనివి

కొయ్య ఓడ కిట్టు పెట్టె తెరిస్తే ప్లైవుడ్ ముక్కలు, సన్నని చెక్క బద్దలు, దారపు ఉండలు, పెద్ద నక్షా కాగితం కనిపిస్తాయి. ఓడల నమూనాలు కట్టే అభిరుచి ఉన్నవారు ఇష్టపడే వాటిలో స్వీడన్ యుద్ధనౌక 'వాసా' ఒకటి. 75వ వంతు స్కేలులో దాన్ని పూర్తి చేయడానికి నెలలు పడుతుంది. అయితే ఓడను చిన్నది చేసినప్పుడు దానిలోని అన్ని అంశాలూ ఒకే లెక్కన తగ్గవు.

ముందుగా వెన్నెముకలాంటి అడుగు దూలాన్ని, దానికి అడ్డంగా పక్కటెముకల్లాంటి చట్రాలను నిలబెడతారు. వాటి మీద బద్దలను ఒక్కొక్కటిగా అతికిస్తారు. ఓడ ముందు భాగంలో వంపు ఎక్కువ. అక్కడ పొడి బద్దను వంచబోతే ఫట్‌మని విరుగుతుంది. అదే బద్దను కాసేపు వేడి నీటిలో ఉంచితే మాట వింటుంది. చెక్కలో గట్టి సెల్యులోజ్ పోగులను లిగ్నిన్ అనే పదార్థం పట్టి ఉంచుతుంది. తేమ, వేడి కలిసినప్పుడు లిగ్నిన్ మెత్తబడి, పోగులు కొద్దిగా జరగడానికి వీలిస్తుంది. చల్లారి ఆరాక మళ్లీ గట్టిపడి ఆ వంపును నిలుపుతుంది. నిజమైన ఓడకు మందపాటి పలకలను ఆవిరితో వంచడంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది.

చెక్కలోని కణాలు మాత్రం స్కేలును బట్టి చిన్నవి కావు. ఓక్ చెక్క నార నమూనాపై మరీ ముతకగా కనిపిస్తుంది. అందుకే అసలు వాసాను ఓక్‌తో కట్టినా, నమూనాలకు సన్నని నార ఉన్న చెక్క నప్పుతుంది.

అసలు చిక్కు బరువు దగ్గర వస్తుంది. ముందుకు పొడుచుకువచ్చిన కొయ్యతో కలిపి వాసా పొడవు 69 మీటర్లు. నమూనాలో అది 92 సెంటీమీటర్లు. తెరచాపల వైశాల్యం 75ను 75తో గుణించినంత మేర తగ్గుతుంది. బరువు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 75ను మూడుసార్లు వేసి గుణించినంత మేర, అంటే నాలుగు లక్షల రెట్లకు పైగా తగ్గాలి. సుమారు 1,200 టన్నుల ఓడ మూడు కిలోల లోపుకు వస్తుంది.

దీని ఫలితమేమిటి? గాలి ఓడను ఒరిగించే బలం తెరచాప వైశాల్యాన్ని బట్టి, ఓడను తిరిగి నిలబెట్టే బలం బరువును బట్టి ఉంటాయి. నమూనాలో కిలో బరువుకు వచ్చే తెరచాప వైశాల్యం అసలు ఓడలో కన్నా 75 రెట్లు ఎక్కువ. అందువల్ల ఫ్యాను గాలికి నమూనా పడిపోయినంత మాత్రాన ఓడ రూపకల్పన తప్పని చెప్పలేం. గాలి వేగాన్నీ తగ్గించి చూడాలి. 19వ శతాబ్దపు బ్రిటిష్ ఇంజనీరు విలియం ఫ్రూడ్ సూత్రం ప్రకారం, వేగాలు పొడవుల నిష్పత్తికి వర్గమూలం మేరకు తగ్గాలి. 75కు వర్గమూలం దాదాపు 8.7. సెకనుకు 4 మీటర్ల గాలికి నమూనా దగ్గర అర మీటరు కూడా లేని గాలి సమానం.

వాసా కట్టిన కాలంలో ఈ లెక్కలు లేవు. రెండు ఫిరంగుల అంతస్తులతో ఓడ పైభాగం బరువెక్కింది. ప్రయాణానికి ముందు 30 మంది నావికులను డెక్కు మీద ఇటూ అటూ పరుగెత్తించారు. ఓడ ప్రమాదకరంగా ఊగడంతో మూడో పరుగుకే పరీక్ష ఆపేశారు, ప్రయాణాన్ని మాత్రం ఆపలేదు. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవులో, పది తెరచాపల్లో నాలుగే విప్పి బయలుదేరింది. సుమారు 1,300 మీటర్లు వెళ్లాక గాలివాటుకు ఒరిగింది. తెరచి ఉన్న ఫిరంగి కిటికీల గుండా నీరు చేరి మునిగిపోయింది. దాదాపు 30 మంది మరణించారు. 1961లో ఓడను పైకి తీశారు. వడ్రంగులు వాడిన కొలబద్దలూ అందులో దొరికాయి. కొన్ని స్వీడన్ అడుగు ప్రకారం, కొన్ని దానికన్నా చిన్నదైన ఆమ్‌స్టర్‌డామ్ అడుగు ప్రకారం గీసినవి.

ఇప్పుడు ఓడను కట్టకముందే నమూనాను నీటి తొట్టిలో లాగి పరీక్షిస్తున్నారు. విశాఖపట్నంలోని నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో ఇందుకోసం 500 మీటర్ల పొడవైన తొట్టి ఉంది. అజంతా గుహల్లోని 5వ శతాబ్దపు చిత్రం ఆధారంగా, పలకలను కొబ్బరి తాడుతో కుట్టి కట్టిన 'ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్య' 2025 మే 21న నౌకాదళంలో చేరింది. ఆ ప్రాచీన ఓడకు నక్షాలేవీ మిగలలేదు. అందుకే అది నీటిలో ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి ఐఐటీ మద్రాసు సముద్ర ఇంజనీరింగు విభాగంతో కలిసి నమూనా పరీక్షలు జరిపారు.