అమ్మకు వాషింగ్ మిషన్ కొనేముందు

నర్సింహులపేటలో ఉన్న అమ్మానాన్నలకు వాషింగ్ మిషన్ కొనివ్వడం ఇప్పుడు అమెరికాలో కూర్చునే అయిపోతుంది. ఫోన్లో ఆర్డరు పెడితే మిషన్ వాకిట్లో దిగుతుంది. దాన్ని ఏ ప్లగ్గుకు తగిలిస్తారో మాత్రం మనం అడగం. అడగాలి.

మనం ఉంటున్న ఇళ్లలో లాండ్రీ ప్లగ్గుకు వచ్చేది 120 వోల్టులు. దానికి విడిగా 20 ఆంపియర్ల లైను ఉంటుంది. 2014 నాటి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ఆ చోటుకు జీఎఫ్‌సీఐ రక్షణ కూడా పెట్టమంది. అయిదారు మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా అది కరెంటు ఆపేస్తుంది. ఊళ్లో వచ్చేది 230 వోల్టులు. మిషన్ ఉండేది జాలారు పక్కన, తడి నేల మీద. అమ్మ కాళ్లకు చెప్పులుండవు.

"ఎంసీబీ ఉంది కదా, అదే పడిపోతది" అంటారు నాన్న. పడదు. 16 ఆంపియర్ల ఎంసీబీ వైరు కాలకుండా చూస్తుంది, మనిషిని కాదు. తడిసిన ఒంట్లోంచి పావు ఆంపియరు పారినా ప్రాణం పోవచ్చు, ఎంసీబీకి ఆ సంగతే తెలియదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటంతా తిరిగి వచ్చిందా లేదా అని అది చూస్తూనే ఉంటుంది, తేడా వస్తే క్షణంలో ఆపేస్తుంది. 2022 జులైలో కామారెడ్డి బీడీ వర్కర్స్ కాలనీలో దండెం తీగకు కరెంటు పాకి ఒకే ఇంట్లో నలుగురు పోయారు, ఒకరిని కాపాడబోయి ఇంకొకరు. ఆ వార్త చదివినప్పటి నుంచి ఈ పరికరం లేని ఇల్లంటే నాకు భయం.

తర్వాత ఎర్తింగు. ప్లగ్గులో పైనున్న పెద్ద రంధ్రం దానిదే. పాత ఇళ్లలో అది చాలాచోట్ల ఖాళీగా ఉంటుంది. లేదా ఎవరో వైరు ముక్కతో అక్కడికక్కడే న్యూట్రల్‌కు కలిపేసి ఉంటారు. మిషన్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. గాలివానకు ఆ న్యూట్రల్ తెగిందా, మిషన్ రేకు మొత్తానికీ కరెంటు ఎక్కుతుంది. ఇంటి పక్కన గుంత తీసి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తింగు చేయించడానికి ఒక పూట పని. ఎండాకాలంలో ఆ గుంతలో నీళ్లు పోస్తుండాలి.

నీళ్లు వేడిచేసే మిషన్ దాదాపు 2000 వాట్లు, అంటే 9 ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ ఛార్జరు పెట్టే 6 ఆంపియర్ల ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బాక్సు దానికి పనికిరావు. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గే కావాలి, అదీ నీళ్లు చిందని ఎత్తులో.

పని అయ్యాక వీడియో కాల్ చేసి, ఆర్‌సీసీబీ మీదున్న 'టీ' బటన్ నాన్నతో నొక్కించండి. కరెంటు పోవాలి. పోలేదంటే మేస్త్రీని మళ్లీ పిలవాల్సిందే.