‘తక్కువ’ అంటే ఎంత తక్కువ?

"లో ఫ్రీక్వెన్సీ అంటే ఎంత?" అని మాస్టారు అడిగితే, "దేనిలోనండీ?" అని ఎదురు ప్రశ్న వేసినవాడికే మార్కులివ్వాలి. ఎందుకంటారా?

15,000 అనే సంఖ్యనే తీసుకుందాం. సెకనుకు 15,000 సార్లు కంపించే శబ్దం కీచుమంటుంది. మన చెవి వినేది 20 నుంచి 20,000 దాకానే గనుక, అది పై హద్దుకు దగ్గర. వయసు మళ్ళినవారికి వినపడదు గూడా. అదే సంఖ్య రేడియో తరంగానిదైతే, దాన్ని "వెరీ లో ఫ్రీక్వెన్సీ" అంటారు! రేడియోలో 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ వరకు ఆ పేరే. 30 నుంచి 300 వరకు "లో".

సంఖ్య ఒకటే, వేగాలు వేరు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, రేడియో తరంగం 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. వేగాన్ని పౌనఃపున్యంతో భాగించండి. శబ్దం అల పొడుగు రెండుంబావు సెంటీమీటర్లు, రేడియో అల పొడుగు 20 కిలోమీటర్లు!

ఇక ఉపయోగం. హాస్టల్లో పక్కగదివాడు పాట పెడితే మాటలు గోడ దగ్గరే ఆగిపోతాయి. డోలు ‘ధుం ధుం’ మాత్రం మన నిద్ర చెడగొడుతుంది. సముద్రంలోనూ, కారణం వేరైనా, ఫలితం ఇలాంటిదే. ఉప్పునీరు విద్యుద్వాహకం, రేడియో తరంగాన్ని మింగేస్తుంది. 100 మెగాహెర్ట్జ్ ఎఫ్.ఎం. తరంగం రెండున్నర సెంటీమీటర్లు దిగేసరికే దాని బలం మూడోవంతుకు వస్తుంది. 20 కిలోహెర్ట్జ్ తరంగానికి ఆ దూరం మీటరుంముప్పావు. అందుకే నీట మునిగివున్న జలాంతర్గామికి కబురు ఈ తరంగాలే అందిస్తాయి. అదీ నెమ్మదిగా, కొద్దిపాటి అక్షరాల్లోనే. సంభాషణ మోసే శక్తి వీటికి లేదు.

మరి 20 కిలోమీటర్ల అలను పంపడానికి ఏరియల్ ఎంతుండాలి? అందులో నాలుగోవంతన్నా 5 కిలోమీటర్లు! అంత ఎత్తు నిలపలేం గనుక పెద్దపెద్ద టవర్లు, వాటి మధ్య తీగలు, వాటికింద విశాలమైన నేల కావాలి. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర ఇలాంటి నౌకాదళ కేంద్రం 1990లో ప్రారంభమైంది. రెండోదానికి 2024 అక్టోబరులో వికారాబాద్ జిల్లా దామగుండంలో శంకుస్థాపన జరిగింది. దానికి కేటాయించినది దాదాపు 2,900 ఎకరాల అటవీభూమి. చెట్లు పోతాయని అభ్యంతరాలూ వచ్చాయి, దేశరక్షణకు తప్పదన్న సమాధానమూ వచ్చింది.

ఏ పక్షాన వాదించినా సరే, మిత్రులారా, ముందు ఈ భాగహారం చేసి చూడండి. ఫ్రీక్వెన్సీ తగ్గినకొద్దీ అల పెరుగుతుంది. అల పెరిగినకొద్దీ నేల అడుగుతుంది. ‘తక్కువ’ ఖరీదు ఎప్పుడూ తక్కువ కాదు!