ఒంగోలు గోవు: ఇంటి పాడియు, దేశాంతర వ్యాపారమును

“పాడిపంట” లని మన పెద్దలు జంటగా పలుకుచు వచ్చిరి. ఆ జంటలో పాడికే మొదటి స్థానము. పశువు లేని యింట పంట నిలువదని వారి యనుభవము. విరాటుని కొలువున సహదేవు డంతటివాడు ఆలమందలను గాచుట కొఱతగా నెంచలేదు. ఆ మందలను పట్టుటకే కౌరవులు సేనలతో దండెత్తి వచ్చిరి. పశువనగా నా కాలమున ధనము. నేడును ధనమే. కాని యా ధనము మన దొడ్డి విడిచి యెచ్చటికి బోయెనో, పోయినచోట నేమయ్యెనో, మన యిండ్లలో మిగిలినదాని గతి యేమో గృహిణుల మొకింత విచారింపవలసి యున్నది. కుడితి పెట్టునది, పాలు పిదుకునది, పేడ యెత్తునది మనమే గదా!

ఈ విచారమునకు ఒంగోలు జాతిని మించిన యుదాహరణము మాకు దోపలేదు. గుండ్లకమ్మ, మూసీ నదుల నడిమి నేలలు దీనికి పుట్టినిల్లు. తెల్లని మేను, ఎత్తైన మూపురము, పొట్టి కొమ్ములు, వ్రేలాడు గంగడోలు గల యీ పశువును ఏ రాజును పనిగట్టుకొని సృష్టింపలేదు. సేద్యగాండ్ర సంసారములే దీనిని తీర్చిదిద్దినవి. ఒక్కొక్క యింట రెండు మూడావులు మాత్రమే యుండెడివి. జొన్నచొప్ప, జనుము, పిల్లిపెసర, చెంగలిగడ్డి వాని మేత. కోడెదూడకు తల్లిపాలు కడుపార విడిచి, పత్తిగింజలు, ఉలవలు, తవుడు పెట్టి, కన్నబిడ్డవలె పెంచి, జత కుదిరిన పిమ్మట మంచి వెలకు అమ్మెడివారు. పెద్దలు గతించినపుడు వారి పేర అచ్చుబోసి విడిచిన యాబోతు ఊరి మంద కంతటికిని దిక్కయ్యెడిది. మేలైన దూడనే విడువవలెనను కట్టుబాటుచే పితృభక్తియే జాతిరక్షణ మయ్యెను.

దేశాంతరయానము

ఇట్టి పశువు సముద్రము దాటిన కథ వినదగినది. 1868వ సంవత్సరమున ఇంగ్లండునకు బోవు నొక యోడ బ్రెజిలు దేశములోని సాల్వడారు రేవున నాగినప్పుడు, అందున్న యొంగోలు జంట యచ్చట విక్రయింపబడెను. 1878లో లెంగ్రూబరను నాతడు జర్మనీ దేశపు హాంబర్గు నగరమున నున్న జంతుశాలలో నీ జాతి పశువులను జూచి, ముచ్చటపడి కొనిపోయెను. ఒంగోలు ప్రాంత మప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. 1904లో గాని గుంటూరు జిల్లాలో చేరలేదు. కావున నా దేశమువారు దీనికి “నెలోర్” అని పేరిడిరి. నేటికిని ఆ పేరే నిలిచియున్నది. 1960వ సంవత్సరపు ప్రాంతమున మఱికొన్ని మేలిజాతి పశువు లచ్చటికి జేరెను. వానిలో నొక యాబోతు పేరు కరవది. అది ఒంగోలు చెంతనున్న గ్రామనామమే.

పోయిన యాడుబిడ్డ అత్తవారింట వృద్ధి పొందినట్లు, ఆ జాతి యచ్చట విస్తరించెను. 2023లో బ్రెజిలు దేశమున పశువులు 23 కోట్లకు మించినవి. ఆ దేశపు మనుష్యుల సంఖ్యకంటె నిది యెక్కువ. మాంసమునకై పెంచు వానిలో మిక్కిలి భాగము నెలోర్ రక్తము గలవే. ఆ సంవత్సరముననే వియాటినా–19 అను నొక యావులో మూడవ వంతు హక్కు వేలమున అమ్ముడుపోగా, ఆ లెక్కను మొత్తము వెల రెండు కోట్ల పై రియాళ్లని, అనగా నలువది లక్షల డాలర్లకు మీఱినదని తేలెను. మన చెంగలిగడ్డి మేసిన తల్లుల సంతతికి అంత వెల!

వెలకు వెనుకనున్న ఖర్చు

ఈ వైభవమును జూచి సంతోషించుటకు ముందు మఱియొక లెక్క చూడవలెను. అక్కడ నీ పశువు దుక్కికి గాదు, పాడికి గాదు, ప్రధానముగా మాంసమునకు. మన యిండ్లలో పెక్కింట ఆ మాట పలుకుటకే సంకోచింతురు; ఆ యాహారము భుజించు కుటుంబములును మన దేశమున గలవు. ఒకరి కంచమును దూషించుట మా యుద్దేశము కాదు. ప్రశ్న వేఱు: భూమి యెన్ని పశువులను భరింపగలదు?

1970 దరిమిలా అమెజాను మహారణ్యమున నఱకబడిన నేలలో చాల భాగము పశువుల బీడైనది. ఇది గాక, నెమరువేయు జంతువులు త్రేన్పులతో మీథేను అను వాయువును విడుచును. నూఱేండ్ల లెక్కలో నిది బొగ్గుపులుసు వాయువుకంటె సుమా రిరువదియెనిమిది రెట్లు భూమిని వేడెక్కించును. 2013లో ఐక్యరాజ్యసమితి యాహార వ్యవసాయ సంస్థవారు లెక్కకట్టగా, మానవకార్యములచే వెలువడు నిట్టి వాయువులలో నూటికి 14.5 వంతులు పశుపోషణమువలన గలుగునవని తేలెను. కిలో గొడ్డుమాంసమునకు ప్రపంచపు సగటున 15,400 లీటర్ల నీరు వ్యయమగునని నీటిలెక్కలవారు చెప్పుదురు. అయితే నిందు నూటికి తొంబదికి పైగా మేతపొలముల గురిసిన వాననీరే. బీడుపై బడు వానను పశువు త్రాగుట వేఱు, బావి తోడి మేత పెంచుట వేఱు. అట్లే మనుష్యుడు తినలేని చొప్పను పశువు తినుట వేఱు, మనుష్యుడు తినదగిన గింజను పశువునకు వేయుట వేఱు.

ఈ భేదమును గ్రహించినచో కుటుంబపు పశుపోషణములోని బల మేదియో తెలియును. మన తల్లుల కాలమున మందను నిర్ణయించినది బజారు కాదు, వామి. గడ్డివామి యెంతయో దొడ్డి అంత. పేడ పొలమునకు బోయెను, పొలపు చొప్ప దొడ్డికి వచ్చెను. బ్రెజిలులోను నేడు వ్యవసాయ పరిశోధకులు బీళ్లలో వరుసలుగా చెట్లు నాటి, పంటను, పశువును, వృక్షమును కలిపి పెంచు పద్ధతిని బోధించుచున్నారు. మన పొలముగట్ల అవిసెచెట్లు చెప్పిన పాఠ మదియే.

మన దొడ్డిలోని దుఃఖము

ఇక మన సంగతి. ట్రాక్టరు వచ్చినది, కోడెకు పని పోయినది. 2012 గణనలో దేశమున మగపశువులు 6 కోట్ల 79 లక్షలు. 2019 గణనలో 4 కోట్ల 74 లక్షలు. ఏడేండ్లలో మూడవ వంతునకు కొంచెము తక్కువ! అదే కాలమున ఆవులు 12 కోట్ల 30 లక్షలనుండి 14 కోట్ల 51 లక్షల కెక్కినవి. ప్రతి యావును కోడెలను గూడ కనుచునే యున్నది గదా. ఆ కోడె లేమైనవి? ఇంటివారు చంపరు, సంతలో నమ్మినపు డెవరు కొనుచున్నారో అడుగరు. కొందఱు పొలిమేరకు దోలి వత్తురు. మన పాదములకు తొడిగిన చెప్పు, పెండ్లిలో మ్రోగు డోలు ఎచ్చటినుండి వచ్చెనో తలపనట్లే, దీనిని గూర్చియు తలపము. బండలాగు పందెముల కొఱకు కొన్ని జతలు పోషింపబడుచున్నవి గాని, పందెపు టెద్దులతో జాతి యంతయు నిలువదు.

ఒట్టిపోయిన యావును, పనిలేని కోడెను సాకు భారము రెండెకరముల సంసారముపై బడుచున్నది. గోభక్తిని గూర్చి యుపన్యసించుట సులభము. చొప్పమోపునకు వెల చెల్లించువారేరి? ఆ భారములోను పెద్దపాలు ఇల్లాలిది. వేకువనే లేచి దొడ్డి నూడ్చునది యామె. పాలకేంద్రపు పుస్తకమున నుండునది భర్త పేరు.

కాన సోదరీమణులారా, మాకు దోచిన మాటలు కొన్ని మనవిచేయుచున్నాము. గడ్డివామికి మించిన పశువులను పెంచవలదు. పాలు కొంచెము తక్కువైనను, మన యెండకు దాళి చొప్పతో బ్రతుకు జాతిని ఒక్కటైన దొడ్డిలో నుంచుకొనుడు. ఇరువదియైదు కిలోల పేడ, అనగా రెండు మూడు పశువుల దినపు పేడ, గోబరుగ్యాసు తొట్టిలో వేసిన సుమా రొక ఘనమీటరు వాయువు వచ్చును. చిన్న సంసారపు వంట చాలవఱకు గడచును, మడ్డి యెరువగును, కంటికి పొగ తప్పును. పాలసంఘములో సభ్యత్వము మీ పేర నుండునట్లు మగవారిని అడుగుడు. పశువు నమ్మవలసి వచ్చినపుడు దానిని కొనువా డెవడో, ఏ పనికి కొనుచున్నాడో యడిగి, తెలిసి నిర్ణయింపుడు. తెలియకుండుటచే పాపము తొలగదు.

మన గోవు పరదేశమున కోట్లుగా పెరిగినదని గర్వించుట తప్పుగాదు. కాని సంఖ్య యెంత పెరిగినను నేల పెరుగదు. తిను దేశమునకైనను, తినని యింటికైనను ఈ కొలత యొక్కటే: మేత కెన్ని పశువులో యన్నియే. ఆ కొలతను దొడ్డిలో నేర్చిన యిల్లాండ్రు దానిని మఱవకుందురు గాక.