పాత స్కూటరుకు మోటార్‌సైకిల్ షాక్ అబ్జార్బర్: పొడవు కుదిరితే చాలదు

కోల్‌కతాలోని గార్డెన్ రీచ్‌తో తెలుగువారిది రైల్వే అనుబంధం. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. 2003 వరకు వాల్తేరు డివిజన్ దీని పరిధిలోనే ఉండేది. నౌకా నిర్మాణ కేంద్రం, సమీపంలోని ఖిదిర్‌పూర్ రేవు కారణంగా ఈ ప్రాంతపు రోడ్లపై భారీ లారీలు తిరుగుతుంటాయి. ఇటువంటి రోడ్లు వానలకు గుంతలు పడితే, పాత బజాజ్ చేతక్, వెస్పా స్కూటర్ల వెనక షాక్ అబ్జార్బర్‌కు అది కఠిన పరీక్షే.

అసలు విడిభాగం దొరకనప్పుడు కొందరి చూపు మోటార్‌సైకిల్ షాక్ అబ్జార్బర్ వైపు మళ్లుతుంది. అది అన్నివేళలా సురక్షితం కాదు.

తేడా ఎక్కడుంది?

ఈ స్కూటర్లలో ఇంజన్, వెనక చక్రం కలిసి పైకీ కిందికీ కదులుతాయి. ఆ ఊపును అదుపు చేయడానికీ, వెనక బరువును మోయడానికీ ఉన్నది ఒకే షాక్ అబ్జార్బర్.

రెండు షాక్‌లున్న మోటార్‌సైకిల్‌లో ఒక్కొక్కటి సగం భారమే మోస్తుంది. అందులో ఒకదాన్ని స్కూటరుకు బిగిస్తే గుంతలో పూర్తిగా అణిగిపోవచ్చు. మోనోషాక్‌ను సాధారణంగా చక్రానికి దూరంగా అమరుస్తారు కనుక దాని స్ప్రింగ్ చాలా గట్టిగా ఉంటుంది. అది స్కూటరులో సరిగా అణగక, దెబ్బ నేరుగా నడుముకు తగులుతుంది.

అమరికలో జాగ్రత్తలు

వెస్పా తరహా స్కూటర్లలో షాక్ పైకొన మరలున్న కడ్డీగా ఉండి, రబ్బరు దిమ్మకు బిగుస్తుంది. మోటార్‌సైకిల్ షాక్‌కు సాధారణంగా రెండు కొనల్లోనూ బుష్‌లు ఉంటాయి. అందువల్ల పైన అడాప్టర్ అవసరం. దాని వెల్డింగ్ బలహీనమైతే ప్రయాణంలోనే విరిగే ప్రమాదం ఉంది.

షాక్ మరీ పొడవైతే వెనక భాగం లేచి హ్యాండిల్ నిలకడ తగ్గుతుంది. పొట్టిదైతే టైరు బాడీకి తగలవచ్చు. బిగించే ముందు స్ప్రింగ్ తీసి, షాక్‌ను పూర్తిగా అణిచి, టైరుకు చోటు మిగిలిందో లేదో చూడాలి.

సర్దుబాటు ఎలా?

మనిషి కూర్చున్నప్పుడు షాక్ మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు అణగాలి. కదలిక 75 మిల్లీమీటర్లయితే, సుమారు 25 మిల్లీమీటర్లు. దీనిని స్ప్రింగ్ కింది రింగుతో సరిచేస్తారు.

రింగు బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందన్నది అపోహ. మారేది ఎత్తు మాత్రమే. చివరిదాకా బిగించినా ఎక్కువగా అణిగితే గట్టి స్ప్రింగ్ వేయాలి. గుంత దాటాక పదేపదే ఊగితే లోపం ఆయిల్ డ్యాంపింగ్‌లో ఉన్నట్లు. రింగు దానిని సరిచేయలేదు.

చట్టం ఏమంటోంది?

తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 15 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు తనిఖీ తర్వాతే రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకు పునరుద్ధరిస్తారు. అందుకే ఆ మోడల్‌కు తయారైన షాక్ దొరికితే దానికే తొలి ప్రాధాన్యం ఇవ్వాలి.