మీకు తెలుసా? పాత తుపాకీ ఒంటిమీద దాని చరిత్ర ఉంటుంది

రోలుగుంట నుంచి నర్సీపట్నం మీదుగా గొలుగొండ వైపు వెళితే కృష్ణదేవిపేట వస్తుంది. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న ఊరు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద ఆయన దళం పడింది. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. ఏమేం తీసుకుపోతున్నదీ స్టేషన్లోనే రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్లాడాయన. అందుకే మన్యం అంచు ఊళ్లలో తుప్పుపట్టిన తుపాకీ ఏదైనా బయటపడితే చాలు, అది రాజుగారి కాలం నాటిదేనన్న మాట పుట్టేస్తుంది. నిజం తేల్చాలంటే మాత్రం ముందు ఆ తుపాకీనే పరిశీలించాలి. దాని మీద జరిగిన మార్పులను మరీ ముఖ్యంగా చూడాలి.

కావాలనే నాసిరకం చేసిన తుపాకులున్నాయని మీకు తెలుసా? 1857 తిరుగుబాటు తరవాత దేశీ సిపాయి చేతిలో మంచి తుపాకీ ఉండకూడదని తెల్లదొరలు నిశ్చయించుకున్నారు. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లుంటాయి. గుండు గిర్రున తిరుగుతూ తిన్నగా పోయేది వాటి వల్లే. ఆ గాళ్లను దొలిచేసి గొట్టాన్ని నున్నగా చేశారు. దూరాన్ని బట్టి సర్దుకునే వెనుక గురిపట్టీని పీకేసి, కదలని చిన్న దిమ్మ పెట్టారు. అలా తయారైందే 1858 నమూనా మస్కెట్. చూపుకు ఎన్‌ఫీల్డే, గురి మాత్రం అందులో సగం కూడా ఉండదు. ఆ తరవాత కూడా అదే తీరు. తెల్ల పటాలాలకు మార్టినీ-హెన్రీ రైఫిళ్లు వచ్చాక సిపాయిలకు పాత స్నైడర్లు, వాళ్లకు మ్యాగజైన్ రైఫిళ్లు వచ్చాక వీళ్లకు మార్టినీలు అందాయి. కాబట్టి గొట్టం నున్నగా ఉందని "ఎవరో పాడుచేశారు" అనుకోవద్దు. పాడుచేసింది సర్కారే కావచ్చు. అలాంటిదైతే ఆ మార్పే దాని విలువ.

స్నైడర్ కూడా పుట్టుకతో కొత్త తుపాకీ కాదు. 1866లో పాత ఎన్‌ఫీల్డ్ గొట్టాన్ని వెనుక వైపు కోసి, పక్కకు తెరుచుకునే దిమ్మను బిగించి, వెనుక నుంచి తూటా పెట్టేలా మార్చినదే అది.

మార్పు చేసిన చెకుముకి తుపాకీకి పూడ్చిన రంధ్రాలుంటాయి. 1840ల ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ చెకుముకి రాయి పద్ధతి వదిలి, సుత్తి దెబ్బకు పేలే చిన్న రాగి టోపీల పద్ధతికి మారింది. పాత తుపాకులను పారేయకుండా మార్చిన చోట, పక్క రేకు మీద మందు పళ్లెం ఉన్న జాగా ఖాళీ అవుతుంది. స్ప్రింగు మరలు దిగిన రంధ్రాలను లోహంతో పూడ్చి ఆకురాయితో సాపుచేస్తారు. ఏటవాలు వెలుతురులో చూస్తే ఆ గుండ్రని మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి. చెకుముకి తుపాకీకి ధర ఎక్కువ పలుకుతుందని, ఇలా మార్చినవాటిని కొందరు వ్యాపారులు మళ్లీ వెనక్కి మార్చి అమ్ముతారు. పళ్లెం కొత్తగా నిగనిగలాడుతూ, దాని చుట్టూ గొట్టం మాత్రం మందు కాలి గుంటలు పడి ఉంటే అనుమానించాల్సిందే.

పోలీసు మస్కెట్ సంగతి మరీ ఆసక్తికరం. పైకి అచ్చం త్రీనాట్‌త్రీ. మ్యాగజైన్ ఉండాల్సిన చోట వేలు పెడితే చెక్క దిమ్మ తగులుతుంది, అంటే ఒకసారికి ఒక్క తూటాయే. గొట్టంలో గాళ్లుండవు. బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో త్రీనాట్‌త్రీని .410 బోరుకు మార్చి పోలీసులకు, జైలు కాపలాకు ఇచ్చిన తుపాకీ ఇది. తూటా కూడా ప్రత్యేకం. త్రీనాట్‌త్రీ తూటా మెడను నిలువుగా చేసి తయారుచేశారు. బజారులో దొరికే .410 తూటా ఇందులో సరిగా కూర్చోదు. తుపాకీ ఎత్తుకుపోయినా తూటాలు దొరక్కపోతే పనికిరాదు మరి.

ఇషాపూర్ తుపాకుల్లో ముందు కర్రకు అడ్డంగా దిగిన స్క్రూ కనిపిస్తే అది పల్లెటూరి రిపేరు కాదు, ఫ్యాక్టరీ పనే. కర్ర చుట్టూ రాగి తీగ చుట్టి ఉంటే, చేతిబాంబులు ప్రయోగించడానికి గట్టిపరిచారన్నమాట. డ్రిల్లుకు మాత్రమే వాడినదాని మీద డీపీ అక్షరాలుంటాయి.

రాణి చనిపోయాక ఆమె ముద్ర ఎలా వస్తుంది? విక్టోరియా 1901 జనవరిలో మరణించింది. త్రీనాట్‌త్రీ అని మనం పిలిచే పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్ వచ్చింది ఆ తరవాతే. కిరీటం కింద ఆమె పేరు వీఆర్ అక్షరాలు, దాని కింద 1910 అని ఏడాది ఉంటే అది వాయవ్య సరిహద్దు ప్రాంతాల కొలుముల్లో పుట్టిన నకలు. ఎన్ అక్షరం తిరగబడి ఉండటం మరో గుర్తు. అసలు తుపాకీలో బోల్టు పిడి మీది నంబరు, గొట్టం మీది నంబరు, ముక్కు దగ్గరి లోహపు టోపీ మీది నంబరు మామూలుగా ఒకటే అయి ఉంటాయి. ఒకదానికొకటి ఎదురెదురుగా రెండు బాణం ముద్రలుంటే సర్కారు దాన్ని సేవ నుంచి తప్పించి అమ్మేసిందని అర్థం.

ఇక విలువ. నా దృష్టిలో అడగాల్సిన ప్రశ్న ఒకటే: మార్చింది ఎవరు? ఆయుధశాలలో జరిగిన మార్పు చరిత్రలో భాగం, సేకర్తలు దాన్ని వెతికి మరీ కొంటారు. వేటకు వీలుగా ఇంటి దగ్గర కర్ర కోయించినది విలువ కోల్పోతుంది. కర్ర ఒక్కటే పోతే అదే కాలపు కర్ర వెతికి బిగించొచ్చు. గొట్టం కోసినా, దూరదర్శిని కోసం ఇనుములో రంధ్రాలు వేసినా ఇక చేసేదేమీ లేదు. అన్నిటికన్నా బాధ కలిగించేది, గరుకు కాగితంతో మిలమిలలాడేలా రుద్దడం. తుప్పుతో పాటు ముద్రలూ పోతాయి.

ఆ రుద్దుడు నేరం కూడా కావచ్చు. 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం తుపాకీ మీది పేరునూ నంబరునూ చెరపకూడదు. 6వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా గొట్టం పొట్టిచేయకూడదు. పాతకాలపు నమూనా ఆయుధాలకు 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది గానీ, రిపేరు చేసినా చేయకపోయినా పేలే స్థితిలో లేనివాటికే అది వర్తిస్తుంది. తాత అటక మీద దొరికిందని సంచిలో చుట్టి ఊరంతా తిప్పి ధర కట్టించుకోవద్దు. ఇంట్లోనే ఉంచి పోలీసు స్టేషన్‌కు కబురు చేయండి. నూరేళ్లు దాటినది చారిత్రక వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం ప్రకారం మీరు దాన్ని విదేశాలకు అమ్మలేరు. విదేశీ వేలంపాటల ధరలు చూసి లెక్కలు వేసుకోవడం దండగ.

అన్నిటికంటే ముందు: అందులో మందు ఉందేమో. 1863లో అమెరికాలో గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిశాక నేల మీద ఏరిన 27 వేలకు పైగా తుపాకుల్లో దాదాపు 24 వేలు దట్టించి ఉన్నవేనని లెక్క తేల్చారు. చాలావాటిలో ఒకదాని మీద ఒకటి రెండేసి, మూడేసి గుండ్లు. నల్ల తుపాకీమందు తడవకపోతే ఏళ్ల తరబడి చావదు. గొట్టం ఖాళీయో కాదో పోలీసు ఆర్మరర్ చూడాలి, మీరు కాదు.

మళ్లీ రాజుగారి తుపాకీ దగ్గరికి. ఏడాది ముద్ర 1922 తరవాతిదైతే, ఆ మూడు స్టేషన్ల తుపాకీ అన్న మాట అక్కడితో ఆగిపోతుంది. ముందుదైతే, నంబరు రాసుకోండి. ఆనాటి పోలీసు రికార్డుల్లో ఆ నంబరు కనిపిస్తే అది మ్యూజియానికి చేరాల్సిన వస్తువు. కనిపించకపోతే, ముద్రలు చెరగని మంచి పాత తుపాకీగా దానికి దక్కే విలువ దానికి ఉంది. లేని పేరు తగిలించి అమ్మడం ఆయనకూ, ఆయన వెంట నడిచిన గిరిజన వీరులకూ అవమానం.