పాత ల్యాప్‌టాపుపై కొత్త విండోస్: కొన్ని చిక్కులు, వాటి విడుపులు

వేసవి సెలవులు ముగిసి కళాశాల తెరవగానే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల విద్యార్థినీ విద్యార్థులలో కొందరు మా గదికి పాఠ్యపుస్తకంలోని సందేహంతో కాక, సంచిలో ఒక పాత ల్యాప్‌టాపుతో రావడం ఇటీవల పరిపాటి అయినది. మేము చదివినది సాహిత్యమే గాని యంత్రశాస్త్రం కాదు. అయినను ఈ సంచికలోని తెలుగు విభాగపు అక్షరకూర్పు బాధ్యత కొన్నేళ్ళుగా మా మీదనే ఉండడం వలన, కంప్యూటరు మొరాయించినప్పుడల్లా దానితో కుస్తీ పట్టక తప్పలేదు. ఆ కుస్తీలో నేర్చుకొన్న నాలుగు మాటలు మా విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు తెలియజేయుటే ఈ వ్యాసోద్దేశం.

చిక్కు ఎక్కడ మొదలైనదో ముందు చూద్దాం. మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 11ను 2021 అక్టోబరు 5న విడుదల చేసినది. విండోస్ 10కి సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించినది. కొత్తదానికి 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ చాలును గాని, టీపీఎం 2.0 అనే రక్షణ సాధనం, సెక్యూర్ బూట్ సౌకర్యం, ఇంటెల్ వారిదైతే సుమారుగా ఎనిమిదవ తరం లేక ఆ పై తరపు ప్రాసెసరు ఉండవలెనని నియమం పెట్టారు. మనకు బెంగుళూరు దగ్గర. అక్కడ కార్యాలయాలు వాడి వదిలిన యంత్రాలు తక్కువ ధరకు మన ఇళ్ళకు చేరుతున్నవి. మా వద్దకు వచ్చినవాటిలో ఆరవ, ఏడవ తరాలవే ఎక్కువ. నిక్షేపంగా పనిచేసే యంత్రం కాగితం మీద మాత్రం అనర్హం! అప్పుడు నియమాన్ని తప్పించే మార్గం వెదకుతారు. రూఫస్ అనే ఉచిత ఉపకరణంతో పెన్‌డ్రైవును సిద్ధం చేసేటప్పుడే టీపీఎం, సెక్యూర్ బూట్ పరీక్షలను తొలగించమని ఒక గడిలో గుర్తు పెట్టవచ్చు. దీనినే మేము ఇక్కడ అనధికార స్థాపన అంటున్నాము.

అనధికారం వేరు, దొంగసరుకు వేరు. మైక్రోసాఫ్టు వారి వద్ద నుండే దింపుకొన్న ప్రతిని, యంత్రంతో వచ్చిన విండోస్ 10 లైసెన్సుతో వాడుకోవడం ఒకటి. యాక్టివేటర్ పేరుతో ఎవరో అల్లిన ప్రోగ్రామును నడిపి తాళం పగులగొట్టడం మరొకటి. రెండవ పని చేసిన యంత్రంలోనే స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపి, తండ్రి బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చే విద్యార్థిని చూస్తే మాకు భయం వేస్తుంది. అట్టి ప్రోగ్రాములు తరచుగా యాంటీవైరసును ఆపివేయమని ముందే అడుగుతాయి. వచ్చిన చుట్టం తలుపు గడియ ఊడదీయమంటే మనం ఊరకుంటామా?

పని మొదలుపెట్టకముందు చూడవలసినవి రెండు. టీపీఎం లేదని చెప్పిన యంత్రంలో అది ఉండి కూడా నిద్రపోతుండవచ్చు. బయోస్‌లో ఇంటెల్ యంత్రాలకు పీటీటీ అనీ, ఏఎండీ యంత్రాలకు ఎఫ్‌టీపీఎం అనీ కనిపించే అంశాన్ని మేల్కొలిపి చూడాలి. ఒక ఎనిమిదవ తరం యంత్రానికి ఈ ఒక్క మార్పుతోనే అధికారికంగా విండోస్ 11 ఎక్కినది. దొడ్డిదారితో పనే లేకపోయినది. ఇక రెండవది. 2024లో వచ్చిన 24హెచ్2 రూపం నుండి, పాప్‌కౌంట్, ఎస్ఎస్ఈ 4.2 అనే ఆదేశాలు ప్రాసెసరులో లేకుంటే విండోస్ అసలు మేలుకొనదు. కోర్ 2 డ్యుయో యంత్రాలలో అవి లేవు. పరీక్షను తప్పించవచ్చు గాని లేని అవయవాన్ని పుట్టించలేము.

ఎక్కువ మంది ఆగిపోయేది యంత్రం మేలుకొనే చోట. ఇది అర్థం కావడానికి ధర్మవరం జంక్షనును తలచుకొంటే చాలును. గుంతకల్లు వైపు నుండి వచ్చిన బండి అక్కడి నుండి ఒక దారిన పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరుకు, మరొక దారిన కదిరి మీదుగా పాకాలకు పోవచ్చు. ఏ దారి అన్నది ఇంజను నిర్ణయించదు. పట్టాలు కలిపేవారు నిర్ణయిస్తారు. యంత్రంలో ఆ పని బయోస్‌ది. అందులో యూఈఎఫ్ఐ అనే కొత్త దారి, లెగసీ అనే పాత దారి ఉంటాయి. డిస్కును కూడా జీపీటీ అనీ, ఎంబీఆర్ అనీ రెండు విధాల విభజిస్తారు. విండోస్‌కు కొత్త దారికి జీపీటీ, పాత దారికి ఎంబీఆర్ జత. పెన్‌డ్రైవును ఒక పద్ధతిన చేసి, డిస్కును మరొక పద్ధతిన ఉంచితే ఈ డిస్కుపై స్థాపించలేమనో, స్థాపించిన పిమ్మట బూట్ పరికరం లేదనో సందేశం వస్తుంది. యంత్రం చెడిపోయినదనుకొని అయినకాడికి అమ్ముకొన్నవారిని కూడా మేము ఎరుగుదుము. యూఈఎఫ్ఐ ఉన్న యంత్రమైతే ఆ దారినే ఎంచుకొని, రూఫస్‌లో జీపీటీ పెట్టి, తిరిగి స్థాపించుట ఉత్తమం. విభాగాలన్నిటినీ తొలగించి మార్చితే డిస్కులోని సమస్తమూ పోతుంది. సమాచారం పోకుండా మార్చుటకు విండోస్ 10లోనే ఎంబీఆర్2జీపీటీ అనే ఉపకరణం ఉన్నది. దానిని వాడినా, ముందు వేరొక చోట నకలు ఉండవలసినదే.

స్థాపన వేళ డిస్కే కనబడకపోతే నిల్వ విధానం రెయిడ్‌లో ఉన్నదేమో చూడాలి. ఏహెచ్‌సీఐకి మార్చితే కనబడవచ్చు. కాని అందులో ముందే ఉన్న పాత విండోస్ నీలితెరతో ఆగిపోయే ప్రమాదం కలదు. వైఫై పనిచేయకపోతే తయారీదారులు విండోస్ 10 కొరకు ఇచ్చిన డ్రైవరే తరచుగా సరిపోతుంది. దానిని దింపుకొనుటకు ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ చేసుకోవచ్చు.

బిట్‌లాకర్ సంగతి మాత్రం తేలికగా తీసుకోరాదు. కొన్ని యంత్రాలలో డిస్కు యజమానికి తెలియకుండానే గూఢలిపిలో ఉంటుంది. బయోస్‌లో సెక్యూర్ బూట్‌నో టీపీఎంనో కదిపితే 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను అడుగుతుంది. ఆ సంఖ్య సాధారణంగా యజమాని మైక్రోసాఫ్టు ఖాతాలో ఉంటుంది. చేతులు మారిన యంత్రమైతే ఆ ఖాతా ఎవరిదో! కనుక బయోస్ జోలికి పోకముందే సెట్టింగులలో డివైస్ ఎన్‌క్రిప్షన్‌ను చూసి, ఉంటే ఆపివేసి, అది పూర్తిగా విడిపోయేవరకు వేచి ఉండవలెను.

ఇక మన కళాశాలకు ప్రత్యేకమైన చిక్కు అక్షరాలది. కొత్త విండోస్ ఎక్కిన తరువాత పాత తెలుగు వ్యాసం తెరిస్తే పిచ్చి ఆంగ్లాక్షరాలు కనబడతాయి. ఫైలు చెడినదని కంగారు పడనక్కరలేదు. అను లిపులలో కూర్చిన పాఠం యూనికోడ్ కాదు; ఆంగ్లాక్షరాల స్థానాలలోనే తెలుగు ముక్కలను ఉంచిన పద్ధతి అది. లిపి తిరిగి వేస్తే తెలుగు తిరిగి వస్తుంది. గౌతమి లిపిలో కూర్చిన యూనికోడ్ పాఠమైతే చదువుటకు వస్తుంది గాని పంక్తులు జరిగి పుట సంఖ్యలు మారతాయి, ఎందుకనగా విండోస్ 10 నుండి గౌతమి, వాణి లిపులు ముందుగా ఉండవు. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు అదనపు లిపులను కోరి వేసుకోవాలి. ఉర్దూ విభాగపు మిత్రులకు మరింత కష్టం. నస్తాలీఖ్‌లో వ్రాసినది నస్ఖ్‌గా మారి కనబడితే ఉర్దూ పాఠకునికి ముద్ద నోటికి పోదు. ఉర్దూ టైప్‌సెట్టింగ్ అనే నస్తాలీఖ్ లిపి అరబిక్ అదనపు లిపుల కట్టలో ఉన్నది. దానిని కూడా అడిగి తెచ్చుకోవలసినదే. ఇన్‌పేజ్ పాత రూపాల ఫైళ్ళకు ఇన్‌పేజే కావాలి గనుక, యంత్రాన్ని తుడిచేముందు ప్రతి పుటకూ ఒక పీడీఎఫ్ తీసి ఉంచుట మా ఇద్దరి విభాగాలకూ ఇప్పుడు నియమం.

అనధికారంగా స్థాపించిన యంత్రాలకు సవరణలు అందునని మైక్రోసాఫ్టు హామీ ఇవ్వదు. నెలవారీ రక్షణ సవరణలు మా అనుభవంలో వస్తూనే ఉన్నవి. ఏటేటా వచ్చే పెద్ద మార్పు మాత్రం తనంతట రాదు, మళ్ళీ పెన్‌డ్రైవు పట్టవలసినదే. అందువలన స్వంత యంత్రంపై ఎవరైనా ప్రయత్నించవచ్చు గాని, ప్రయోగశాలలోని యంత్రాలపై ఈ పని వద్దనే మేము కమిటీ వారికి మనవి చేస్తాము. వాటికి లినక్స్ మేలు. పాత యంత్రాలపై అది ఎవరి కన్నూ కప్పకుండా ఎక్కుతుంది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వారు తెలుగు ముఖంతోనే దానిని అందించారు.

ధర్మవరం నుండి వచ్చే మా విద్యార్థి ఒకడు ఇవేవీ తెలియక, ఒక రాత్రి డిస్కు విభాగాలన్నిటినీ తొలగించి విండోస్ 11 వేశాడు. స్థాపన చక్కగా జరిగినది. తెల్లవారి అతని తండ్రి చీర అంచుల డిజైన్ల ఫైళ్ళు అడిగాడు. మూడేళ్ళ పని, ఒక్కటీ లేదు. తిరిగి రాబట్టే ఉపకరణాలతో మేము రెండు రోజులు శ్రమించినా పేర్లు లేని ముక్కలు తప్ప ఏమీ దొరకలేదు. అయితే మగ్గం మీద జకార్డు అట్టలు ఉన్నవి గదా. తండ్రి ఒక్కొక్క అట్టను వెలుతురుకు ఎత్తి పట్టి రంధ్రాలు చదువుతుంటే, కొడుకు పక్కన కూర్చుండి గళ్ళ కాగితంపై గుర్తులు పెట్టుకొన్నాడు. దసరా నాటికి పదకొండు అంచులు తిరిగి వచ్చినవి. మిగిలినవాటి అట్టలు అప్పటికే పాతబడి పారవేశారట.